ఉలుకూ పలుకూ లేని కిటికీ

(స్వర్ణోత్సవాల రెండో రోజు పూర్వ విద్యార్థుల సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

సంఘం కార్యదర్శి గారు నాకు ఫోన్ చేసినప్పుడు ఒకటే షరతు పెట్టారు. "మీ వృత్తిలోంచి ఒక్క విషయం తీసుకోండి. తెలుగులో చెప్పండి. పదో తరగతి పిల్లవాడికి అర్థం కావాలి. సొంత డబ్బా వద్దు" అన్నారు. నాకంటే ముందు మాట్లాడిన డాక్టరు గారు, వ్యవసాయాధికారి గారు ఆ షరతును చక్కగా పాటించారు. నేనూ ప్రయత్నిస్తాను.

నేను సాఫ్ట్‌వేర్ ఇంజినీరుని. ముప్పై ఏళ్ళ పైబడి నేను చేస్తున్న పని, మనుషులు రోజూ ఎదురుగా కూర్చుని వాడే తెరలు తయారు చేయడం. బిల్లు కట్టే కౌంటర్లో గుమాస్తా ముందుండే తెర, ఆస్పత్రి ల్యాబులో టెక్నీషియన్ ముందుండే తెర, ఫ్యాక్టరీ కంట్రోల్ గదిలో ఆపరేటర్ ముందుండే తెర. ఈ పనిలో నాకు అన్నిటికంటే ముఖ్యంగా తోచిన ఒక్క విషయం ఇవాళ చెబుతాను. లోపల ఎంత పెద్ద పని నడుస్తున్నా, తెర మాత్రం మనిషికి పలుకుతూనే ఉండాలి. అది ఎలా సాధ్యమో, అలా చేయకపోతే ఎవరికి నష్టమో, ఈ రెండూ చెప్పి కూర్చుంటాను.

"కంప్యూటర్ హ్యాంగ్ అయింది", "ఫోన్ స్ట్రక్ అయిపోయింది" అని మనమంతా రోజూ అంటాం. మీట నొక్కుతాం, ఏమీ జరగదు. మళ్ళీ నొక్కుతాం. తెర తెల్లబోతుంది. ఉలుకూ ఉండదు, పలుకూ ఉండదు. చాలామంది అప్పుడు యంత్రం చచ్చిపోయిందనుకుంటారు. నూటికి తొంభై సార్లు అది చావలేదు. పనిలో ఉంది. మనం అప్పజెప్పిన పనే చేస్తోంది. కాకపోతే ఆ సంగతి మనతో చెప్పే తీరిక దానికి లేదు. ఎందుకు లేదో తెలియాలంటే మన బడి ఆఫీసు కిటికీ దగ్గరికి వెళ్ళాలి.

మీ అందరికీ ఆ కిటికీ గుర్తుండే ఉంటుంది. లోపల ఒక్కరే గుమాస్తా. ఫీజు ఆయనే తీసుకోవాలి, స్టడీ సర్టిఫికెట్ ఆయనే రాయాలి, టి.సి. ఆయనే ఇవ్వాలి. బయట వరుస. ఒకరి పని అవగానే "ఆఁ, తర్వాత ఎవరు?" అంటారు. కంప్యూటర్ తెర వెనక కూడా సరిగ్గా ఇదే ఏర్పాటు. మీరు మౌస్ కదిపినా, మీట నొక్కినా, కిటికీని పక్కకు జరిపినా, ప్రతిదీ ఒక చీటీగా మారి వరుసలో చేరుతుంది. లోపల ఒకే ఒక పనివాడు ఒక్కో చీటీ తీసి, పని చేసి, తర్వాతి చీటీ అందుకుంటాడు. మా భాషలో ఆ వరుసను ఈవెంట్ క్యూ అంటారు. ఆ పనివాడిని మెయిన్ థ్రెడ్ అంటారు. తెర మీద బొమ్మ గీయడం కూడా వాడి పనే. ఇది గమనించండి. మీట నొక్కినట్టు రంగు మారడం, గడియారం ముల్లు తిరగడం, రాసిన అక్షరం కనిపించడం, అన్నీ ఆ ఒక్కడి చేతి మీదుగానే జరగాలి.

చిన్న పనులైనంత కాలం ఇబ్బంది లేదు. ఇప్పుడు వరుసలో ఎవరో పెద్దాయన వచ్చి, "బాబూ, నాకు పాత అడ్మిషన్ రిజిస్టర్‌లో నా పుట్టినతేదీ చూసి రాసివ్వాలి" అన్నాడనుకోండి. గుమాస్తా గారు లేచి వెనక గదిలోకి వెళ్తారు. బీరువా తీయాలి, దుమ్ము దులపాలి, ఏ సంవత్సరమో వెతకాలి. అరగంట. ఈలోగా కిటికీ దగ్గర ఎవరూ లేరు. ఒక్క సంతకం కోసం నిలబడ్డ పిల్లవాడికి లోపల ఏం జరుగుతోందో తెలియదు. గుమాస్తా గారు వస్తారా, భోజనానికి వెళ్ళారా, ఇంటికే వెళ్ళిపోయారా? కిటికీ చెక్క మీద కొడతాడు. జవాబు లేదు. తెర తెల్లబోవడం అంటే ఇదే. పనివాడు సోమరి కాదు, వెనక గదిలో చెమటోడుస్తున్నాడు. కానీ కిటికీలో మనిషి లేడు.

మరి మనిషి ఎంతసేపు ఓపిక పడతాడు? దీని మీద చాలాకాలంగా ఆలోచిస్తున్నారు. 1968లోనే ఐబీఎంలో పనిచేసిన రాబర్ట్ మిల్లర్ అనే ఆయన మనిషికీ కంప్యూటర్‌కీ మధ్య జవాబు ఎంతలో రావాలో ఒక పత్రం రాశారు. 1993లో జేకబ్ నీల్సన్ తన పుస్తకంలో దాన్ని మూడు హద్దులుగా చెప్పారు. సెకనులో పదో వంతు లోపు జవాబు వస్తే, ఆ పని నా చెయ్యే చేసిందని మనిషికి అనిపిస్తుంది. ఒక సెకను వరకు ఆలస్యం తెలుస్తుంది గానీ ఆలోచన తెగదు. 10 సెకన్లు దాటితే మనసు వేరే పని మీదకు పోతుంది. అంతసేపు పట్టే పనైతే ఎంత అయిందో, ఇంకెంత ఉందో చెప్పి తీరాలి. కంప్యూటర్లు ఇన్నేళ్ళలో ఎన్నో రెట్లు వేగం పుంజుకున్నాయి గానీ ఈ మూడు అంకెలు మారలేదు. ఎందుకంటే ఇవి యంత్రం కొలతలు కావు, మనిషి కొలతలు.

యంత్రం తయారుచేసేవారికీ ఈ సంగతి తెలుసు. విండోస్‌లో ఒక కిటికీ 5 సెకన్ల పాటు తన చీటీలు తీసుకోకపోతే ఆపరేటింగ్ సిస్టమ్ దాని స్థానంలో ఒక నీడలాంటి నకలు నిలబెట్టి, పైన "స్పందించడం లేదు" అని రాస్తుంది. మీరు చూసే ఆ తెల్లటి తెర అదే. ఆండ్రాయిడ్ ఫోన్‌లో కూడా మీ వేలి తాకిడికి ఒక యాప్ 5 సెకన్లలో స్పందించకపోతే, "ఆగుతారా, మూసేస్తారా?" అని అడుగుతుంది. ఇక తెర మీద కదలిక నున్నగా కనిపించాలంటే లెక్క ఇంకా బిగువు. సెకనుకు 60 బొమ్మలు గీయాలి, అంటే ఒక్కో బొమ్మకు సుమారు 16 మిల్లీసెకన్లు. మన పనివాడు ఏ ఒక్క చీటీ మీదా అంతకుమించి కూర్చుంటే చూసేవాడి కంటికి తెర కుంటుతుంది.

పదిహేనేళ్ళ కిందటి మాట చెబుతాను. ఒక బిల్లుల వసూలు కేంద్రంలో సాఫ్ట్‌వేర్ మీద ఫిర్యాదులు ఎక్కువగా వస్తున్నాయని, చూసి చెప్పమని నన్ను పిలిచారు. అది వేరేవాళ్ళు రాసిన ప్రోగ్రాము. ఎవరన్నది ఇక్కడ అనవసరం. నేను పొద్దున్నే వెళ్ళి కౌంటర్ వెనక స్టూలు వేసుకుని కూర్చున్నాను. కౌంటర్లో ఉన్నావిడ పన్నెండేళ్ళ సర్వీసున్న ఉద్యోగి. బిల్లు నంబరు కొట్టి, డబ్బు లెక్కపెట్టి డ్రాయర్లో పెట్టి, "చెల్లింపు" అనే మీట నొక్కుతారు. అక్కడినుంచి ప్రోగ్రాము దూరంగా ఎక్కడో ఉన్న సర్వర్‌తో మాట్లాడాలి. లైను నెమ్మది. కొన్నిసార్లు రెండు సెకన్లు, కొన్నిసార్లు పన్నెండు. ఆ పన్నెండు సెకన్లూ తెర శవంలా ఉండేది. మీట నొక్కినట్టు గుర్తు కూడా ఉండేది కాదు. బయట వరుస గొడవ చేస్తుంటే ఆవిడ మళ్ళీ నొక్కేవారు.

ఇక్కడే అసలు చిక్కుంది. పనివాడు వెనక గదిలో ఉన్నా వరుస ఆగదు కదా. ఆ రెండో నొక్కు కూడా ఒక చీటీగా వరుసలో చేరి కూర్చుంటుంది. మొదటి పని పూర్తి కాగానే పనివాడు తిరిగొచ్చి రెండో చీటీ చూసి, బుద్ధిగా అదే పని మళ్ళీ చేస్తాడు. రెండు రసీదులు వస్తాయి. లెక్కలో రెండు చెల్లింపులు, డ్రాయర్లో ఒకే డబ్బు. సాయంత్రం లెక్క కట్టేసరికి తేడా. ఆ రద్దు కాగితం పైనుంచి మంజూరై వచ్చేదాకా ఆ తేడా ఆవిడ తన చేతి డబ్బు వేసి పూడ్చేవారు. అన్నిటికంటే నన్ను కలచివేసిన మాట ఆవిడదే. "నా చెయ్యి మంచిది కాదు సార్. పక్క కౌంటర్లో బాగానే ఉంటుంది. నేను ముట్టుకుంటేనే ఇది బిగుసుకుపోతుంది. నాకు కంప్యూటర్ రాదని పైవాళ్ళు కూడా అంటున్నారు" అన్నారు.

పక్క కౌంటర్లో రద్దీ తక్కువ, అంతే తేడా. పన్నెండేళ్ళ అనుభవం ఉన్న మనిషి, పలకని ఒక తెర వల్ల తన చేతినే అనుమానించుకునే స్థితికి వచ్చింది. ఈ విషయం మీద నేను ఇంత పట్టుబట్టి మాట్లాడటానికి కారణం అదే. తెర పలకకపోతే పోయేది కొన్ని సెకన్లు అనుకుంటాం. పోయేది మనిషికి తన మీద ఉన్న నమ్మకం.

ఇక చికిత్స. ఇందులో నాలుగు మెట్లున్నాయి. చిన్నదానితో మొదలుపెట్టి, అవసరమైతేనే పై మెట్టు ఎక్కాలి.

మొదటి మెట్టు, అసలు ఆ పని అంత పెద్దది కావాలా అని అడగడం. ఆ కేంద్రంలోనే "రోజు లెక్క" అనే మీట నొక్కితే నాలుగు నిమిషాలు పట్టేది. తీరా చూస్తే ఇవాళ్టి లెక్క కోసం సంవత్సరం మొత్తం రసీదులు మొదటినుంచి చదువుతోంది. తేదీ ప్రకారం ఒక సూచిక పెట్టగానే అది రెండు సెకన్లకు దిగింది. రిజిస్టర్ల మీద సంవత్సరం రాసి అట్ట వేస్తే గుమాస్తా గారికి అరగంట వెతుకులాట తప్పుతుంది. చాలా జబ్బులు ఇక్కడే నయమవుతాయి.

రెండో మెట్టు, పనిని ముక్కలు చేయడం. పదివేల వరుసలు చదవాలంటే ఒకే దమ్ములో చదవక్కర్లేదు. రెండు వందలు చదివి, కిటికీ దగ్గరికి వచ్చి ఎవరైనా ఉన్నారేమో చూసి, మళ్ళీ వెళ్ళి ఇంకో రెండు వందలు. పనివాడు ఒక్కడే అయినా వరుస కదులుతుంది. దాదాపు ప్రతి పరికరంలోనూ "కాసేపాగి ఈ పని మళ్ళీ మొదలుపెట్టు" అనే టైమరు ఉంటుంది. ఇందులో ఒక జాగ్రత్త అవసరం. మధ్యలో కిటికీ తెరిచినప్పుడు అదే మనిషి మళ్ళీ అదే పని అడగవచ్చు. పాత విజువల్ బేసిక్‌లో డూ‌ఈవెంట్స్ అనే ఆజ్ఞ వాడినవాళ్ళకు ఈ బాధ బాగా తెలుసు. పని సగంలో ఉండగా మీట మళ్ళీ నొక్కితే, సగం పని మీద ఇంకో పని మొదలై రెండూ చెడతాయి. అందుకే పని మొదలవగానే ఆ మీటను మసకబార్చి పక్కన పెట్టాలి.

మూడో మెట్టు, రెండో మనిషిని పెట్టుకోవడం. కిటికీ దగ్గర గుమాస్తా గారు, వెనక గదికి అటెండరు. గుమాస్తా గారు చీటీ రాసి అటెండరుకిచ్చి, బయటివాళ్ళతో "చెప్పానండీ, వెతుకుతున్నారు, కూర్చోండి" అంటారు. తర్వాతి మనిషి పని అందుకుంటారు. ఈ రెండో మనిషినే మేము వర్కర్ థ్రెడ్ అంటాం. జావాలో 2006లో స్వింగ్‌వర్కర్ అని ఇందుకోసమే ఒక వస్తువు చేర్చారు. సీ షార్ప్ భాషలో 2012లో అసింక్, అవేట్ అనే రెండు మాటలు వచ్చాయి. "ఈ పని అయ్యేదాకా నన్ను ఇక్కడ నిలబెట్టకు, అయ్యాక పిలువు" అని వాటి భావం. ఆ తర్వాత జావాస్క్రిప్ట్‌లోకీ అవే మాటలు 2017 ప్రమాణంతో వచ్చాయి.

రెండో మనిషి వచ్చాక ఒక ఇనుప నియమం పాటించాలి. అటెండరు కిటికీలోంచి తల బయటపెట్టి మాట్లాడకూడదు. తెరను ముట్టుకునే హక్కు గుమాస్తా గారిది ఒక్కరిదే. విండోస్ కానివ్వండి, ఆండ్రాయిడ్, ఆపిల్, జావా, క్యూటీ ఏదైనా కానివ్వండి, అన్నిచోట్లా ఇదే నియమం. ఎందుకంటే ఒకే రిజిస్టర్లో ఒకే వరుస మీద రెండు చేతులు ఒకేసారి రాస్తే ఏమవుతుందో మీకు తెలుసు. అది రోజూ జరగదు, ఎప్పుడో నెలకోసారి జరుగుతుంది. అందుకే పట్టుకోవడం మరీ కష్టం. కాబట్టి అటెండరు చెప్పాల్సింది ఏదైనా చీటీ రాసి గుమాస్తా గారి వరుసలో పెట్టాలి. ఆయన వీలు చూసుకుని తెర మీద రాస్తారు.

ఆ చీటీలకూ మితం ఉండాలి. పదివేల వరుసలకు పదివేల చీటీలు పంపితే గుమాస్తా గారికి చీటీలు చదవడమే పనైపోతుంది. పనిని వెనక గదికి పంపినా కిటికీ మళ్ళీ మూతపడినట్టే. సెకనుకు పది చీటీలు చాలు, మనిషి కన్ను అంతకంటే వేగంగా అంకెలు చదవలేదు.

ఇంకో ఉచ్చు ఉంది. గుమాస్తా గారు అటెండరును పంపి, "నువ్వు వచ్చేదాకా నేను కదలను" అని గుమ్మం దగ్గర నిలబడ్డారనుకోండి. అటెండరు లోపలినుంచి చీటీ పంపి, "మీరు చదివి సరే అనేదాకా నేను కదలను" అన్నాడనుకోండి. ఇక ఇద్దరూ సాయంత్రం బెల్లు దాకా అలాగే ఉంటారు. దీన్ని డెడ్‌లాక్ అంటాం. అప్పుడు యంత్రం పనిలో లేదు, నిజంగానే నిలిచిపోయింది. దీనికి మందు ఒక్కటే. కిటికీ దగ్గరున్నవాడు ఎవరికోసమూ నిలబడి ఎదురుచూడకూడదు.

నాలుగో మెట్టు, పనిని వేరే గదికే, వేరే ఆఫీసుకే పంపడం. అంటే వేరే ప్రాసెస్‌కు లేదా సర్వర్‌కు. పిల్లల్లో కొందరు పైథాన్ నేర్చుకుంటున్నారని విన్నాను, కాబట్టి ఒక మాట. పైథాన్‌లో ఇద్దరు పనివాళ్ళున్నా కలం ఒకటే. ఒకరు రాస్తుంటే ఇంకొకరు ఆగాలి. కలం చేతులు మారుతుంటుంది కాబట్టి తెర పూర్తిగా ఆగదు గానీ, బరువైన లెక్కలుంటే మందగిస్తుంది. అలాంటప్పుడు వేరే ప్రాసెస్ మేలు. 2024లో వచ్చిన 3.13 రూపంలో ఆ ఒక్క కలం నియమం లేకుండా నడిపే ఏర్పాటును ప్రయోగంగా పెట్టారు. నెట్‌వర్క్ జవాబు కోసం, ఫైలు కోసం ఎదురుచూసే పనులకు మాత్రం ఇద్దరు పనివాళ్ళ పద్ధతి ఎప్పుడూ సరిపోతుంది. ఎదురుచూసేవాడు కలం పట్టుకుని కూర్చోడు కదా.

ఈ నాలుగు మెట్లూ యంత్రానికి సంబంధించినవి. వీటితో పాటు మర్యాదకు సంబంధించినవి కొన్ని ఉన్నాయి. అవి లేకపోతే ఎన్ని థ్రెడ్‌లున్నా ఒకటే.

మొదటి మర్యాద, విన్నానని వెంటనే చెప్పడం. జవాబు ఆలస్యం కావచ్చు. విన్నానన్న సంగతి ఆలస్యం కాకూడదు. మీట నొక్కగానే లోపలికి నొక్కుకున్నట్టు కనిపించాలి, "అందింది" అని రావాలి. మన లెక్కల మాస్టారు ఒకేసారి ముగ్గురు చెయ్యెత్తితే ఒకరికి చెబుతూనే మిగతా ఇద్దరి వంక తల ఊపేవారు. ఆ తల ఊపుతో మేము చెయ్యి దించి, సందేహాన్ని గుర్తుపెట్టుకుని, ధైర్యంగా కూర్చునేవాళ్ళం. మంచి తెర చేయాల్సింది అదే.

రెండో మర్యాద, ఎంత అయిందో నిజం చెప్పడం. 1985లో బ్రాడ్ మయర్స్ అనే పరిశోధకుడు, పని ఎంత శాతం అయిందో చూపే పట్టీ మీద పరిశోధన చేశారు. మనుషులు ఆ పట్టీ ఉన్న ప్రోగ్రామునే ఇష్టపడతారని ఆయన చూపారు. కానీ పట్టీ అబద్ధమాడకూడదు. 99 దాకా పరుగెత్తి అక్కడ పది నిమిషాలు నిలబడే పట్టీని మీరంతా చూసే ఉంటారు. దానికంటే "మొత్తం 8,000లో 3,200 చదివాను" అనడం మేలు. మొత్తం ఎంతో తెలియకపోతే తెలియదనే చూపాలి. చక్రం తిప్పండి, శాతాలు కల్పించకండి.

మూడో మర్యాద, వద్దనుకుంటే ఆపే మీట. ఇది పైకి చాలా సులువుగా కనిపిస్తుంది, లోపల కష్టం. పనిచేస్తున్నవాడిని మెడ పట్టి బయటకు గెంటకూడదు. వాడి చేతిలో తెరిచిన బీరువా ఉంటుంది, సగం రాసిన వరుస ఉంటుంది. జావాలో థ్రెడ్‌ను బలవంతంగా ఆపే స్టాప్ అనే ఆజ్ఞ మొదట్లో ఉండేది. అది లోపల వస్తువులను సగంలో వదిలేసి పాడు చేస్తోందని 1998లోనే దాన్ని వాడవద్దని ప్రకటించారు. సరైన పద్ధతి ఏమిటంటే, గోడ మీద ఒక ఎర్ర జెండా పెట్టడం. పనివాడు ఒక్కో ముక్క అవగానే జెండా చూస్తాడు. ఎత్తి ఉంటే చేతిలో ఉన్న వరుస పూర్తి చేసి, బీరువా తాళం వేసి, మర్యాదగా బయటకు వస్తాడు.

నాలుగో మర్యాద, రెండుసార్లు నొక్కినా నష్టం లేకుండా చూడటం. మీట మసకబారితే సరిపోదు. కరెంటు పోవచ్చు, లైను తెగి మళ్ళీ రావచ్చు. అందుకే ప్రతి చెల్లింపుకూ ముందే ఒక టోకెన్ నంబరు ఇవ్వాలి. అదే టోకెన్ రెండోసారి వస్తే సర్వర్ "ఇది అయిపోయింది, ఇదిగో రసీదు" అనాలి.

ఆ వసూలు కేంద్రంలో మేము చేసినవి ఇవే. లైను మారలేదు, సర్వర్ మారలేదు. పన్నెండు సెకన్లు పన్నెండు సెకన్లుగానే ఉన్నాయి. కానీ నొక్కగానే మీట మసకబారి "సర్వర్‌కు పంపాను, జవాబు కోసం చూస్తున్నాను" అని వచ్చేది. ఆ లోపల ఆవిడ తర్వాతి బిల్లు నంబరు కొట్టుకునేవారు. రెండు రసీదులు రావడం ఆగిపోయింది. ఆర్నెల్ల తర్వాత మళ్ళీ వెళ్తే, ఆవిడ కొత్తగా చేరిన అమ్మాయికి పని నేర్పుతున్నారు.

పెద్దవాళ్ళ కథ ఒకటి చెప్పి ఈ భాగం ముగిస్తాను. 1969 జులై 20న అపోలో 11 చంద్రుడి మీద దిగుతున్న ఆఖరి నిమిషాల్లో, వాళ్ళ కంప్యూటర్ మీద 1202, 1201 అనే హెచ్చరికలు వచ్చాయి. అవసరం లేని ఒక రాడార్ నుంచి వచ్చే సంకేతాలు కంప్యూటర్ సమయాన్ని తినేస్తున్నాయి. మన చేతి ఫోన్‌తో పోలిస్తే ఆ కంప్యూటర్ చీమంత. కానీ దాని ప్రోగ్రాము రాసినవాళ్ళు పనులకు ముందే వరుసక్రమం ఇచ్చి పెట్టారు. భారం ఎక్కువైనప్పుడు అది తనంతట తాను మళ్ళీ మొదలై, తక్కువ ముఖ్యమైన పనులు వదిలేసి, దిగడానికి అవసరమైన పనులు మాత్రం కొనసాగించింది. ఇబ్బందిలో ఉన్నానని ఒక అంకెతో మనిషికి చెప్పింది. భూమి మీదున్నవాళ్ళు ఆ అంకె అర్థం చూసి, దిగవచ్చన్నారు. అది చెప్పకుండా మూగబోయి ఉంటే ఆ క్షణంలో ఆ ఇద్దరూ ఏ నిర్ణయం తీసుకునేవారో ఊహించండి.

ఇప్పుడు ఈ సభలో ఉన్న ఉపాధ్యాయులతో రెండు మాటలు. మీరు ఇవాళ హాజరు ఫోన్‌లో వేస్తున్నారు, మార్కులు ఫోన్‌లో ఎక్కిస్తున్నారు. సిగ్నల్ సరిగా ఉండదు, యాప్ బిగుసుకుపోతుంది. నిన్న భోజనాల దగ్గర ఒక మేడమ్ గారు, "మా వయసువాళ్ళకి ఇవి రావులెండి" అన్నారు. అమ్మా, దయచేసి ఆ మాట అనకండి. పలకని తెర, దాన్ని రాసిన ప్రోగ్రాము లోపం. మీ వయసు లోపం కాదు, మీ వేలి లోపం కాదు. బిగుసుకుంటే మళ్ళీ మళ్ళీ నొక్కకండి, ఆ నొక్కులన్నీ వరుసలో చేరుతుంటాయి. అరనిమిషం ఆగండి. కదలకపోతే మూసి తెరిచి, ముందు పంపింది చేరిందో లేదో చూసుకున్నాకే మళ్ళీ పంపండి. ఏ తేదీన, ఏ మీట దగ్గర, ఎంతసేపు ఆగిందో ఒక కాగితం మీద రాసి పైకి పంపండి. అలాంటి నాలుగు కాగితాలు ఒక ఇంజినీరుకు నలభై తిట్లకంటే ఎక్కువ ఉపయోగం.

పిల్లలకు ఒక ప్రయోగం. మన ల్యాబులో ఉన్న పాత కంప్యూటర్లే చాలు. పైథాన్‌లో టీకింటర్ అనే పరికరం ఉంది. ఒక చిన్న కిటికీ గీయండి, అందులో రెండు మీటలు పెట్టండి. ఒకటి నొక్కితే అంకె ఒకటి పెరగాలి. రెండోది నొక్కితే ప్రోగ్రాము టైమ్ మాడ్యూల్‌లోని స్లీప్ ఆజ్ఞతో 10 సెకన్లు నిద్రపోవాలి. రెండోది నొక్కి, వెంటనే మూడు నాలుగు సెకన్లలోపు మొదటిదాన్ని అయిదుసార్లు నొక్కండి. ఏమీ కదలదు. పదో సెకను తర్వాత ఏమవుతుందో చూడండి. వరుసలో ఆగిన చీటీలంటే ఏమిటో మీ కళ్ళతో చూస్తారు. తర్వాత ఆ నిద్రను తీసేసి, ఆఫ్టర్ అనే ఆజ్ఞతో అదే పదిసెకన్ల పని చేయండి. ఈసారి అంకె మీ వేలితో పాటే పెరుగుతుంది. రెండిటికీ తేడా నాలుగైదు వరుసలే. అది చేసినవాడికి నా ముప్పై ఏళ్ళ వృత్తిలో సగం అర్థమైనట్టే.

ప్రధానోపాధ్యాయులు గారు అనుమతిస్తే వచ్చే నెల రెండు శనివారాలు నేనే వచ్చి ఈ ప్రయోగం పిల్లలతో చేయిస్తాను. నా బ్యాచ్ మిత్రులు ఇద్దరు ల్యాబుకు కావాల్సిన మెమరీ, కీబోర్డులు ఇస్తామని నిన్ననే మాటిచ్చారు. ఇక్కడ మైకులో చెప్పేశాను కాబట్టి వాళ్ళకిక తప్పించుకునే దారి లేదు.

ఈ పిల్లల్లో ఎవరో ఒకరు రేపు ఏ ఆస్పత్రికో, ఏ బ్యాంకుకో, ఏ బడికో తెర తయారు చేస్తారు. అమ్మా, బాబూ, ఆ తెరకు అవతల ఒక మనిషి కూర్చుని ఉంటుంది. ఆమె వెనక ఒక వరుస నిలబడి ఉంటుంది. మీ ప్రోగ్రాము ఎంత పెద్ద పనిలో ఉన్నా, ఆమె అడిగినప్పుడు "ఆఁ, విన్నానండీ, చేస్తున్నాను" అని మాత్రం చెప్పించండి.